కస్సుగాలి

లైబ్రరీ రెండో అంతస్తు, తూర్పు గది.
కిటికీ రెక్క సరిగా పడదు.
బీచ్ రోడ్డు దాటొచ్చిన ఉప్పు
నాకంటే ముందే వచ్చి స్కానర్ అద్దం మీద కూర్చుంటుంది.
దాన్ని తుడిచాకే నా ఉద్యోగం మొదలు.

హుద్‌హుద్ నీళ్లు తాగిన థీసిస్‌లు ఇవి.
అట్టలు ఉబ్బి, కాగితాలు అప్పడాల్లా వంగి,
కార్బన్ నీలం పక్క పేజీకి వలసపోయి.
అంతకుముందు ఈ బీరువా తాళం
శాఖలో ఒక పెద్దాయన జేబులో ఉండేదట.
"అందరికీ చూపిస్తే దొంగిలించరూ?" అనేవాడట.
తుపాను ఆయన్ని తాళం అడగలేదు.

పేజీకింత అని నా కాంట్రాక్టు.
రసాయనమైనా వ్యాకరణమైనా ఒకటే రేటు.
చదవకూడదు,
చదివితే రోజుకి నాలుగొందలు తెమలవు.

ఆవేళ మాత్రం చదివాను.
పొట్నూరు అప్పలనరసయ్య, పందొమ్మిది వందల డెబ్భై మూడు,
విశాఖ తీరంలో జాలరుల గాలి మాటలు.
ఆయన టైపు మిషన్‌కి అరసున్న లేదు కాబోలు,
మూడొందల పేజీల్లోనూ పెన్నుతో పెట్టుకున్నాడు,
ఒక్కటీ మర్చిపోకుండా.
అయిదేళ్లు పెద జాలారిపేట ఇసకలో కూర్చుని
ఒక్కొక్క గాలినీ పేరు పెట్టి పిలిపించుకున్నాడు.
పిలిచినవాడు సూరాడ పోలయ్య.
వయసు: తెలియదు.
చదువు: లేదు.

నూట పన్నెండో పేజీ:
కస్సుగాలి. పొద్దు వాలిన పిదప లేచును.
నడి సముద్రమున తెలియదు,
ఒడ్డు దగ్గరపడినకొలదీ ముఖమునకు తగులును.
వేట పడని దినమున మిక్కిలి ఉద్ధృతము.
దీని కారణము ఇంకను పరిశీలింపవలసి యున్నది.

ఎక్కించే ఫారంలో గడులుంటాయి.
రచయిత, పర్యవేక్షకుడు, శాఖ, సంవత్సరం.
చెప్పినవాడికి గడి లేదు.
కీలక పదాల్లో పోలయ్యని ఇరికించాను,
'ఉప్పెన'కీ 'వల'కీ మధ్య,
సెమీకోలన్లు కాస్త జరిపి.

మొదటి నెల దాన్ని తెరిచింది ముగ్గురు.
ఒకటి నేను.
ఒకటి తప్పులు పట్టడానికి మా లైబ్రేరియన్.
ఇంకొకటి తెల్లవారుజాము మూడున్నరకి, ఎవరో.

ఆ ఎవరో ఒక మంగళవారం మెట్లెక్కి వచ్చింది.
కేజీహెచ్‌లో నర్సింగ్ చదువుతోందట, పేరు గౌతమి.
నైట్ డ్యూటీలో నిద్ర ఆపుకోడానికి
ఫోన్‌లో ఇంట్లోవాళ్ల పేర్లు ఒక్కొక్కటే కొట్టిందట.
నాన్న దొరకలేదు, పెదనాన్న దొరకలేదు,
ఎప్పుడో పోయిన తాత దొరికాడు.

నూట పన్నెండు తీసి నా ముందు పెట్టింది.
నవ్వు ఆగక కాసేపు మాట రాలేదు.
"ఇది గాలేటండీ బాబూ!
మా మామ్మ.
తాత ఆవిణ్ణి ఇలాగే అనీవోడు,
ఆవిడికి ఇనపడకుండా."

మళ్లీ చదివాను.
పొద్దు వాలాక. ఒడ్డు దగ్గరపడ్డాక.
వేట పడని రోజున.
పోలయ్య ఒక్క ముక్క అబద్ధం చెప్పలేదు.
పెన్ను పట్టుకున్న ఆ పెద్దమనిషి ముఖం చూస్తూ
నవ్వకుండా ఎలా ఉన్నాడో, అదే ఆలోచిస్తున్నాను.

ఆమోదించిన థీసిస్‌లో అక్షరం మార్చకూడదు.
ఆ సంగతి తెలిసీ అడిగాను, తీసెయ్యమంటావా అని.
"అమ్మో, వొద్దండి. మామ్మ పేరూ ఎక్కించండి.
రేపు తాత పక్కన లేకపోతే
మళ్లీ కస్సుమంటాది."

పెదనాన్న ఫోన్‌లో ఉన్న ఒక్కగానొక్క ఫొటో చూపించింది,
తలమీద చేపల గంప, ముఖం సగమే పడింది.

సెమీకోలన్ పెట్టాను. ఒక జాగా వదిలాను.
నూకాలమ్మ.
ఇప్పుడు ఆ పేరు కొడితే
మా విశ్వవిద్యాలయం మొత్తానికి ఒకే ఒక్క ఫలితం,
గాలుల కింద.

సాయంత్రం సరిచూస్తూ లైబ్రేరియన్ ఆగాడు.
"ఈ నూకాలమ్మ ఏ దిక్కు గాలమ్మా?"

"ఇంటి వైపు నుంచి సార్" అన్నాను,
అద్దం తుడుస్తూ.